సన్నని కొలతలు, నడినెత్తి సూరీడు

ఒర్లాండో నుంచి నైరుతి దిక్కుగా గంటసేపు కారులో వెళ్తే వింటర్ హేవెన్ వస్తుంది. ఫ్లోరిడా నడిబొడ్డున ఉన్న చిన్న ఊరు. విమానం కిందికి దిగుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తే ఈ ప్రాంతమంతా గుండ్రటి సరస్సులే కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మనుషులు తవ్వినవి కావు. నేల అడుగున ఉన్న సున్నపురాయి వాననీటికి వేల ఏళ్లుగా కరిగి, పైమట్టి కుంగి ఏర్పడిన గుంటలు. మాది పల్నాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగ చూస్తూ పెరిగినదాన్ని. అలాంటి రాయే ఇక్కడ ఇన్ని సరస్సులకు కారణమని తెలిశాక ఆ నేల నాకు పరాయిదిగా అనిపించలేదు. ఊళ్లోని సరస్సుల్లో చాలావాటిని కాలువలతో కలిపారు. పడవ ఎక్కితే ఒకదాన్లోంచి మరోదాన్లోకి సాగిపోవచ్చు. ఒడ్డున సైప్రస్ చెట్లు నీళ్లలోనే వేళ్లూని నిలబడి ఉంటాయి.

మా అన్నయ్య కుటుంబం ఒర్లాండోలో ఉంటుంది. మా మేనకోడలు కాలేజీ వాటర్ స్కీ (పడవ లాగే తాడు పట్టుకుని, కాళ్లకు పలకలతో నీటి మీద జారే ఆట) జట్టులో చేరి, సెలవుల్లో వింటర్ హేవెన్ దగ్గర ఒక కోచ్ వద్ద సాధన చేస్తోంది. "అత్తా, పడవలో నన్ను చూస్తూ కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. నువ్వు వస్తావా?" అని అడిగింది. అది ముచ్చట కోసం అడిగిన మాట కాదు. ఫ్లోరిడా చట్టం ప్రకారం, వెనక స్కీ చేస్తున్న మనిషిని కనిపెట్టి చూడడానికి నడిపే వ్యక్తి కాకుండా ఇంకొకరు పడవలో ఉండాలి. లేదంటే వెనక నీళ్లంతా కనిపించే వెడల్పాటి అద్దమైనా ఉండాలి. అలా ఈ క్రీడను నేను గట్టు మీద నుంచి కాక, తాడు కట్టిన చోట కూర్చుని చూశాను.

వాటర్ స్కీయింగ్‌కు వింటర్ హేవెన్ పుట్టిల్లు కాదు గాని, పెంచిన ఇల్లు. 1936 జనవరి 2న డిక్ పోప్, ఆయన భార్య జూలీ కలిసి ఇక్కడి లేక్ ఎలోయిజ్ ఒడ్డున సైప్రస్ గార్డెన్స్ అనే ఉద్యానవనం తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం మొదలైన స్కీ ప్రదర్శనలు తర్వాత దశాబ్దాల పాటు జనాన్ని రప్పించాయి. 2009లో ఆ తోట మూతపడింది. 2011లో అదే చోట లెగోలాండ్ వెలిసింది. పాత తోటను మాత్రం చెడగొట్టకుండా ఉంచారు. అందులో 1939లో నాటిన మర్రిచెట్టు ఉంది. మన మర్రే. ఊడలు దించి, ఒక్క చెట్టే చిన్న వనమై నిలబడింది. ఆ నీడలో కాసేపు కూర్చుని, ఆ తర్వాతే స్కీ సరస్సుకు బయలుదేరాం.

అసలు పుట్టిల్లు చాలా ఉత్తరాన, మిన్నెసోటాలోని లేక్ సిటీ. మిసిసిపీ నది వెడల్పై లేక్ పెపిన్‌గా మారే చోట, 1922 వేసవిలో రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే 18 ఏళ్ల కుర్రవాడు మంచు మీద జారినట్టు నీటి మీద జారవచ్చా అని ప్రయత్నించాడు. పీపా చెక్కలు కట్టుకుని చూశాడు, మునిగాడు. మంచు స్కీలు కట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. అప్పుడు ఎనిమిది అడుగుల పైన్ పలకలు కొని, వాటి కొసలను రాగి పాత్రలో ఉడకబెట్టి పైకి వంచాడు. పాదాలకు తోలు పట్టీలు బిగించాడు. చివరికి, వెనక్కి వాలి స్కీ కొసలను నీటిపైకి ఎత్తి పట్టుకుంటే నిలబడగలనని కనుక్కున్నాడు. సాహసం కంటే ముందు సర్దుబాటు ఉంది. పలక వెడల్పు, కొస వంపు, పట్టీ బిగువు, ఒంటి వాలు ఒకదానికొకటి కుదిరాకే మనిషి నీటి మీద నిలిచాడు. ఈ క్రీడ కీలకం ఇప్పటికీ ఆ సర్దుబాటులోనే ఉందని ఆ కోచ్ దగ్గర కూర్చున్న రోజుల్లో నాకు అర్థమైంది.

మా మేనకోడలు సాధన చేసేది స్లాలమ్ అనే పోటీకి. అందులో ఒకే స్కీ ఉంటుంది. దాని మీద రెండు పాదాలూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. పోటీ దారి ద్వారం నుంచి ద్వారం దాకా 259 మీటర్లు. పడవ నడిమధ్యన నిటారుగా పోతుంది. ఆ నడిగీతకు అటు మూడు, ఇటు మూడు, ఆరు బోయ్‌లు, అంటే గుర్తు బంతులు, తేలుతుంటాయి. ఒక్కోటి గీతకు 11.5 మీటర్ల దూరంలో ఉంటుంది. స్కీయర్ పడవ వెనక నీటి ఒరవడిని దాటుకుంటూ ఆరింటి బయటి నుంచీ చుట్టి రావాలి. గంటకు 55 కిలోమీటర్ల వేగంలో ఇదంతా దాదాపు 17 సెకన్లలో ముగుస్తుంది. ముందు వేగం పెంచుతూ పోతారు. తమకు నిర్ణయించిన గరిష్ఠ వేగం చేరాక తాడును కురచ చేస్తారు. 18.25 మీటర్ల తాడు 16కు, 14.25కు, 13కు, 12కు తగ్గుతుంది. 11.25కు వచ్చేసరికి తాడు బోయ్‌ని అందుకోలేదు. ఆ మిగతా దూరాన్ని చాచిన చేయి, ఒరిగిన ఒళ్లు పూడ్చాలి. ఇంత బిగువైన లెక్కలో మనిషి ఎంత ముఖ్యమో, కాలికింది పలక అమరిక అంత ముఖ్యం.

మా మేనకోడలు ఇంకా పొడుగు తాడు మీదే ఉంది. గంటకు 46 కిలోమీటర్లు. ఒకవైపు మలుపు చక్కగా వస్తుంది. రెండోవైపు స్కీ ముందు కొస పైకి లేచి, తిరగాల్సిన చోట తిరగకుండా సాగిపోతోంది. స్కీ మీద పాదాలు పక్కపక్కన కాక ముందూ వెనకా ఉంటాయి కాబట్టి, ప్రతి స్కీయర్‌కూ ఏ కాలు ముందుందో దాన్నిబట్టి ఒక మలుపు సులువు, ఒకటి కష్టం. కోచ్ వెంటనే స్కీకి చెయ్యి పెట్టలేదు. ముందు ఆమెను గట్టు మీద హ్యాండిల్ పట్టుకుని నిలబడమన్నాడు. మోకాళ్లు వదులుగా వంగి, నడుము ముందుకు వచ్చి, చూపు దూరాన ఉందా అని చూశాడు. మనిషి వెనక్కి కూర్చుంటే ఏ స్కీ అయినా కొస లేపుతుంది. నిలబడే తీరు దిద్దకుండా సామాను దిద్దితే, ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పినట్టవుతుందని ఆయన నమ్మకం.

తర్వాత బైండింగ్‌లు చూశాడు. పాదాల్ని స్కీకి పట్టి ఉంచే రబ్బరు తొడుగులివి. వదులైతే పాదం మలుపులోనే ఊడివస్తుంది. మరీ బిగుతైతే పడినప్పుడు ఊడిరాదు. అప్పుడు స్కీ ఒకవైపు, కాలు ఒకవైపు తిరిగి చీలమండ దెబ్బతింటుంది. రెండు పాదాలకూ రెండు తొడుగులు ఉన్నవాళ్లకు మరో ప్రమాదం ఉంది. ఒకటి ఊడి రెండోది ఊడకపోతే, స్కీ బరువంతా ఒక్క కాలినే మెలిపెడుతుంది. ఊడితే రెండూ కలిసి ఊడేలా బిగువు సరిచూసుకోవాలి. దిగే ప్రతిసారీ కింది స్క్రూలు వదులయ్యాయేమో చూడాలి. మేనకోడలు ఒక్కో స్క్రూనీ వేలితో తాకి చూసుకుంటుంటే ఆ శ్రద్ధ నాకు నచ్చింది.

అసలు సూక్ష్మం స్కీ తోక అడుగున ఉంది. అక్కడ ఒక పలుచటి లోహపు రేకు నీళ్లలోకి దిగి ఉంటుంది. దాన్ని ఫిన్ అంటారు. దానికి మూడు కొలతలు: పొడవు, లోతు, తోక నుంచి ఎంత దూరాన ఉంది అన్నది. పొడవు సుమారు 6.9 అంగుళాలు, లోతు 2.5, తోక నుంచి దూరం 0.75 దగ్గర ఉండడం మామూలు. కచ్చితమైన అంకెలు ఒక్కో స్కీకి ఒక్కోలా ఉంటాయి. ఫిన్‌కు అడ్డంగా చిన్న రెక్క కూడా బిగిస్తారు. దాని వాలు ఏడెనిమిది డిగ్రీలు. బోయ్ దగ్గరికి వచ్చేటప్పుడు వేగం తగ్గడానికి అది సాయపడుతుంది. ఫిన్ లోతు ఎక్కువైతే తోక నీటిని గట్టిగా పట్టుకుంటుంది, స్కీ తిరగడానికి మొరాయిస్తుంది. తక్కువైతే తోక జారిపోతుంది.

ఈ కొలతలు తీయడానికి కోచ్ పెట్టెలోంచి బయటికి తీసిన పనిముట్టు చూసి నాకు ఇంటర్మీడియెట్ ఫిజిక్స్ ల్యాబ్ కళ్లముందు మెదిలింది. వెర్నియర్ కాలిపర్స్‌కు వారసుడు, అంకెలు తెరమీద చూపే డిజిటల్ కాలిపర్. వీళ్లు అంగుళంలో వెయ్యో వంతును లెక్కలోకి తీసుకుంటారు. అయిదు వెయ్యో వంతులంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కంటికి తేడా కనపడదు. కాలికి తెలుస్తుంది. ఫిన్ మరలను వదులు చేసి, వేలితో తోసి, మళ్లీ బిగించి, బిగించాక ఇంకోసారి కొలుస్తారు. బిగించేటప్పుడే రేకు కొంచెం జరుగుతుంది కనక ఆ రెండో కొలతే లెక్క. మా మేనకోడలి స్కీ మీద అంకెలు తయారీదారు ఇచ్చినవాటికి దూరంగా జరిగిపోయి ఉన్నాయి. కోచ్ ముందు వాటిని మొదటి అంకెలకు తెచ్చాడు. ఆ తర్వాత ఒక్కటే మార్పు చేశాడు: ముందు బైండింగ్‌ని ఒక రంధ్రం ముందుకు జరిపాడు. ముందుకు జరిగితే బరువు ముందు కొస మీదికి వస్తుంది, కొస నీటిలో నిలుస్తుంది.

ఒక సమయంలో ఒక్కటే మార్చాలి. రెండు మార్చి స్కీ బాగా తిరిగితే ఏది పనిచేసిందో తెలియదు, చెడితే దేన్ని వెనక్కి తీసుకోవాలో తెలియదు. ఒక్క పరుగుతో తీర్పు చెప్పకూడదు. గాలి, నీటి చల్లదనం, అలసట అన్నీ తేడా చేస్తాయి. చల్లటి నీళ్లలో ఒకలా, గోరువెచ్చటి నీళ్లలో ఒకలా స్కీ నడుస్తుంది. అందుకే మా మేనకోడలు ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. తేదీ, నీటి తీరు, మూడు కొలతలు, బైండింగ్ ఉన్న రంధ్రం, మలుపు ఎలా వచ్చింది అన్నవి అందులో రాసుకుంటుంది.

అక్కడి గూటిలో వేలాడుతున్న ఒక పాత తాడును కోచ్ నా చేతికిచ్చాడు. పట్టుకుంటే గరుకుగా, పీచులేచి, వంచితే పెళుసుగా ఉంది. నీళ్లలో నానడం వల్ల కాదు, ఎండలో పడి ఉండడం వల్ల అలా అయింది. అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ తాడు నారను తినేస్తాయి. లైఫ్ జాకెట్ గుడ్డ రంగు వెలిసి, కుట్లు బలం తగ్గుతాయి. నల్లటి కార్బన్ స్కీని డాక్ మీద ఎండలో వదిలేస్తే లోపలి పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఆయన దగ్గర ప్రతి సామానుకూ నీడలో ఒక చోటు ఉంది. ఆ మాటలు చెబుతూ తన ముక్కు పక్కనున్న కోత గుర్తును చూపించాడు. చర్మ క్యాన్సర్‌ని కోసి తీసిన చోటది. యవ్వనంలో స్కీని నీడలో పెట్టాడు, తాను ఎండలో నిలబడ్డాడు. ఇప్పుడు విద్యార్థులకు ఫిన్ కొలతలు ఎంత కఠినంగా నేర్పుతాడో, ఎండ కొలతలూ అంతే కఠినంగా నేర్పుతాడు.

మా రెంటచింతల ఎండ రాష్ట్రమంతా ఎరిగినదే. మాకు ఎండ అంటే వేడి. చెమట పడుతుంది, గొంతు ఆరుతుంది, తల తిరుగుతుంది. ఒళ్లే ముందుగా హెచ్చరిస్తుంది, మేం నీడకు పోతాం, మజ్జిగ తాగుతాం. సరస్సు మీద ఆ హెచ్చరిక రాదు. ఒళ్లు తడిగా ఉంటుంది, పడవ వేగానికి గాలి చల్లగా తగులుతుంది, హాయిగా అనిపిస్తుంది. చర్మాన్ని కాల్చేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. వాటికి వేడితో పనిలేదు. పలుచటి మబ్బులోంచి కూడా చాలా భాగం కిందికి దిగుతాయి. అర మీటరు లోతు నీళ్లలో కూడా పైన ఉన్నదానిలో దాదాపు 40 శాతం ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వాటిని కొలిచే యూవీ సూచికలో 8 నుంచి 10 దాకా చాలా ఎక్కువ, 11, ఆపైన అయితే తీవ్రం. ఫ్లోరిడాలో జూన్ మధ్యాహ్నాలు ఆ తీవ్రస్థాయికి చేరుతుంటాయి. ఆ సూచిక చూడడానికి ఫోను చేతిలో లేకపోతే నీడను చూడాలి. మన నీడ మనకంటే పొట్టిగా ఉంటే ఎండ గట్టిగా ఉన్నట్టు.

సన్‌స్క్రీన్‌కూ కొలత ఉంది. సీసా మీద రాసే ఎస్‌పీఎఫ్ అంకె, చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున రాసి పరీక్షించినప్పటిది. పలుచగా పులిమితే ఆ రక్షణ రాదు. ముఖానికీ మెడకూ కలిపి ఒక టీస్పూను కావాలి. చెవులు, మెడ వెనక, పాదాల పైభాగం మర్చిపోకూడదు. నీళ్లలోకి దిగడానికి పావుగంట ముందే రాసుకోవాలి. పూర్తిగా నీటికి చెదరని సన్‌స్క్రీన్ లేదు. అందుకే అమెరికాలో సీసాల మీద 40 నిమిషాలు లేదా 80 నిమిషాలు అని మాత్రమే రాయనిస్తారు. తువ్వాలుతో తుడుచుకుంటే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. స్కీయర్లకు ఇంకో జాగ్రత్త ఉంది. అరచేతికి జిడ్డు అంటితే హ్యాండిల్ జారుతుంది. మేనకోడలు ముఖానికి పుల్లలా ఉండే స్టిక్ రాసుకుని, చేతులు సబ్బుతో కడిగి తుడుచుకుని, ఆ తర్వాతే గ్లవ్స్ తొడిగేది. వీలైనంత చర్మాన్ని ఎండ కిరణాలను అడ్డుకునే పొడుగు చేతుల యూపీఎఫ్ 50 చొక్కాతో కప్పేది. తడిసిన తెల్ల నూలు చొక్కా దానికి సాటి రాదు.

పడవలో కూర్చునేవాళ్ల సంగతి ఎవరూ తలవరు. స్కీయర్ కాసేపు దిగి ఒడ్డెక్కుతుంది. నడిపేవారు, చూసేవారు పొద్దుటి నుంచీ తెల్లటి పడవ మెరుపులోనే ఉంటారు. నాకు వెడల్పు అంచు టోపీ, తాడు కట్టిన నల్లద్దాలు ఇచ్చారు. ఏళ్ల తరబడి ఎండ కంటికి శుక్లాలు తెస్తుంది, కంట్లో కండ పెరగడానికీ కారణమవుతుంది. మన చేపల వేటగాళ్లకూ పొలం కూలీలకూ ఈ రెండూ బాగా తెలిసిన బాధలే.

మన ఇళ్లలో ఎండ గురించి మాట్లాడితే మాట రంగు మీదికి పోతుంది. "నల్లబడిపోతావ్, లోపలికి రా" అని ఆడపిల్లలతో అంటాం. ఈ ఒక్క మాటతో ఎంతమంది అమ్మాయిలు ఆటస్థలానికి దూరమయ్యారో! ఒర్లాండోలో ఉన్న తెలుగు ఇళ్లలో కూడా నేను ఆ మాట విన్నాను. దానికి జవాబుగా, మనది చామనచాయ కాబట్టి మనకేమీ కాదని ఇంకొందరు అంటారు. రెండూ సరి కాదు. చర్మంలోని మెలనిన్ కొంత కాపాడుతుంది, పూర్తిగా కాపాడదు. మంగు మచ్చలు ఎండకు ముదురుతాయి, చర్మం కములుతుంది, కళ్లను చర్మం రంగు కాపాడదు. అమ్మాయి నల్లబడితే పోయేదేమీ లేదు. ఆమె ఆరోగ్యం కోసం ఎండను కొలవాలి గాని, రంగు కోసం ఆమెను ఇంట్లో పెట్టకూడదు.

ఫ్లోరిడాలో ఈ జాగ్రత్తలన్నీ ఒకే వేళ దగ్గర కలుస్తాయి. తెల్లవారుజామున గాలి ఉండదు, సరస్సు అద్దంలా ఉంటుంది, ఎండ ఏటవాలుగా ఉంటుంది. మధ్యాహ్నానికి నీళ్లు చెదురుతాయి, ఎండ నడినెత్తికి వస్తుంది, ఆ వెనకే ఉరుముల మబ్బులు లేస్తాయి. మధ్య ఫ్లోరిడాలో పిడుగులు ఎక్కువ. ఉరుము వినపడగానే ఒడ్డుకు చేరాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా నీళ్లలోకి దిగకూడదు. మంచి స్కీయింగ్ వేళా, భద్రమైన వేళా ఒకటే కావడం ఈ క్రీడకు దొరికిన వరం. అందుకే మేం చీకటితోనే ఇంటి నుంచి బయలుదేరేవాళ్లం.

బైండింగ్ జరిపాక వచ్చిన తొలి పొద్దున పడవలో వెనక్కి తిరిగి కూర్చున్నాను. మా మేనకోడలు నీళ్లలో మోకాలు రొమ్ముకు ఆనించి, స్కీ కొస పైకి పెట్టి, చేతులు చాచి తల ఊపింది. సైగలన్నీ ముందే నేర్చుకున్నాను. బొటనవేలు పైకంటే వేగం పెంచమని, కిందికంటే తగ్గించమని, గొంతు దగ్గర చెయ్యి అడ్డంగా ఊపితే ఇంజన్ ఆపమని. పడితే రెండు చేతులూ తలపైన కలిపి చూపాలి, బాగున్నానని అర్థం. పడవ లాగింది, ఆమె లేచింది. ద్వారం దాటి మొదటి బోయ్ వైపు దూసుకుపోయింది. నీటి తెర లేచి పడింది. రెండోవైపు మలుపులో కొస ఈసారి నీటిని వదల్లేదు. స్కీ తిరిగింది. మూడు, నాలుగు, అయిదు చుట్టింది. ఆరో బోయ్ దగ్గర హ్యాండిల్ జారి పడింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తుండగా రెండు చేతులూ తలపైన కలిశాయి. పడవ చుట్టూ తిరిగి ఆమెను చేరాక, ఆమె పైకెక్కే ముందు నడిపే ఆయన ఇంజన్ ఆపాడు. ప్రొపెల్లర్ తిరుగుతుండగా, పొగగొట్టం నుంచి విషవాయువు వస్తుండగా ఎవర్నీ దగ్గరికి రానివ్వరు. "అత్తా, చూశావా, తిరిగింది!" అంటూ ఆమె నవ్వింది. ఆ నవ్వులో అదృష్టం మీద భరోసా లేదు. తాను కొలిచిన కొలత మీద భరోసా ఉంది.

మన దగ్గర కూడా జనం నీటి ఆటల వైపు వస్తున్నారు. రుషికొండలో, విజయవాడ భవానీ ద్వీపంలో, నాగార్జున సాగర్‌లో పిల్లలు బోటెక్కి కేరింతలు కొడుతున్నారు. అది నాకు సంతోషం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగినప్పుడు మనమంతా తల్లడిల్లాం. ఆ తల్లడింపు అలవాటుగా మారాలి. పిల్లల్ని నీటి మీదికి పంపేటప్పుడు టికెట్ ధర అడిగినట్టే, జాకెట్ ఒంటికి సరిపోయిందా అని భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూద్దాం. అది గడ్డం దాకా లేస్తే పెద్దదని అర్థం, మార్పించుకుందాం. వెనక చూసే మనిషి ఉన్నాడా అని అడుగుదాం. టోపీ, నీళ్లసీసా, సన్‌స్క్రీన్ సంచిలో పెట్టి, మధ్యాహ్నం కాక పొద్దున్నే తీసుకెళ్దాం. అంతా కలిపి పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఒడ్డు మీదే పెట్టాలి. నీళ్లలోకి దిగాక దిద్దుకునే వీలుండదు.